మీ ఊరి ప్రకృతి చిత్రకారుడి జీవితాన్ని కూర్చే పద్ధతి

గోదావరి డెల్టాలో ఏదైనా పాత పెంకుటింటి ముందుగదిలో చూడండి, పెద్దల ఫోటోల పక్కన ఒక రంగుల చిత్రం వేలాడుతూ ఉంటుంది. కాలువ గట్టు, వంగిన కొబ్బరిచెట్టు, తెరచాప ఎత్తిన పడవ, అవతల లంక. కుడివైపు కింద సన్నటి సంతకం. ఎవరు వేశారని అడిగితే "ఎవరో డ్రాయింగు మాస్టారండీ, తాతగారి రోజుల్లో" అంటారు. ఆ మాస్టారు జీవితమంతా ఆ ప్రాంతపు నీటినీ ఆకాశాన్నీ గీశారు. బడిలో పాఠం చెప్పారు, దుకాణాలకు బోర్డులు రాశారు, నాటకాలకు తెరలు వేశారు. అలాంటివారిలో చాలామంది గురించి ఒక్క పేజీ కూడా అచ్చులో దొరకదు.

ఆ పేజీలు మీరే రాయాలి. చరిత్ర పట్టా ఉన్నవారే రాయాలనే నియమం ఏదీ లేదు. నేను కొవ్వూరు వైపు ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు కుంచె పట్టడం నేర్పిన గురువుగారి జీవితాన్ని, ఆయన కాలం చేసిన చాలా ఏళ్లకు, ఆయన బొమ్మల ఆధారంగా కూర్చాను. కుటుంబం కోరిక మేరకు పేరు రాయడం లేదు, మాస్టారు అనే అంటాను. ఆ పనిలో నాకు పట్టుబడిన పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. మీ ఊళ్లో అలాంటి ఒకరు ఉండి ఉంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టండి. ప్రతి వానాకాలం కొన్ని బొమ్మల్ని తీసుకుపోతుంది.

ముందు బొమ్మలు, తర్వాతే పుట్టిన తేదీ

జీవితచరిత్ర అనగానే పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, చదువు, సత్కారాలు అనే వరస గుర్తుకొస్తుంది. ఆ వరసలో పోతే రెండో పేజీకల్లా అది సన్మానపత్రం అవుతుంది. చిత్రకారుడు ఏ రోజు ఎక్కడ నిలబడ్డాడో, ఏం చూశాడో, ఏ కాగితం కొనగలిగాడో ఆయన బొమ్మలే చెబుతాయి. కాబట్టి మొదటి పని బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం.

ఇళ్లతో ఆగకండి. రైసుమిల్లు ఆఫీసు గది, సహకార బ్యాంకు, సత్రం, గ్రంథాలయం, పాత లాడ్జి, ఆస్పత్రి వరండా, గుడి మండపం, హైస్కూలు సైన్సు గది, అన్నీ చూడాలి. మాస్టారు నీటిరంగుల్లో వేసిన పట్టిసీమ రేవు చిత్రం ఒక ఎరువుల దుకాణంలో, బీరువా వెనక గోడకు ఆనించి ఉంది. దుకాణం యజమానికి అది ఎవరిదో తెలుసు, అడిగినవాళ్లే లేరు.

బొమ్మ దొరకగానే ఫోనుతో ఒక ఫోటో తీసుకుని వచ్చేయకండి. గోడ మీద నుంచి దింపించి, ఎండ నేరుగా పడని వరండాలో, పగటి వెలుతురులో నిటారుగా పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. అద్దం ఉంటే ఎదుట ఎవరినైనా నల్లటి దుప్పటి పట్టుకుని నిలబడమనండి, మెరుపు తగ్గుతుంది. పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీయండి. సంతకాన్ని దగ్గరగా తీయండి. అన్నిటికంటే ముఖ్యం, వెనకవైపు తీయండి. ఫ్రేము కట్టిన దుకాణం చీటీ, పెన్సిలుతో రాసిన ఊరి పేరు, ధర, ఒక్కోసారి వదిలేసిన ఇంకో బొమ్మ, అన్నీ వెనకే ఉంటాయి. ఫ్రేము విప్పాల్సి వస్తే ఇంటివారి ఎదుటే, వారి అనుమతితోనే విప్పాలి. కాగితం అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం లాగవద్దు, అలాగే వదిలేయండి.

ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో బొమ్మకు ఒక నంబరు, ఒక పేజీ. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, సెంటీమీటర్లలో. నీటిరంగా, తైలవర్ణమా, పోస్టరు రంగా, బోర్డులకు వాడే ఎనామిలా. కాగితమా, గుడ్డా, హార్డ్‌బోర్డా, రేకా. ఎవరి దగ్గర ఉంది, వారికి ఎలా వచ్చింది. రంగు తేల్చడానికి తడిగుడ్డతో రుద్ది చూసేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నీటిరంగు అయితే అక్కడికక్కడే చెరిగిపోతుంది. వెలుతురును పక్కనుంచి పడనిచ్చి చూస్తే చాలు. తైలవర్ణం కుంచె గాట్లతో ఎత్తుగా కనిపిస్తుంది, పోస్టరు రంగు సుద్దలా పొడిగా ఉంటుంది, ఎనామిల్ నున్నగా మెరుస్తుంది.

బొమ్మకు తేదీ పట్టుకోవడం

చాలా బొమ్మల మీద తేదీ ఉండదు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రకృతి చిత్రంలో ఉన్న కట్టడాలు సాక్ష్యం చెబుతాయి. మా ప్రాంతం సంగతి తీసుకుంటే, రాజమండ్రి, కొవ్వూరుల మధ్య హేవలాక్ వంతెన 1900లో వాడుకలోకి వచ్చింది, 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయాయి. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో వచ్చింది. కమాను వంతెన 1997 నాటిది. కాబట్టి బొమ్మలో కమానులు కనిపిస్తే అది 1990ల కంటే ముందుది కాదు. అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరం. బొమ్మలో ఉన్న వంతెన సాక్ష్యం, లేని వంతెన సాక్ష్యం కాదు. కంటికి ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసే హక్కు చిత్రకారుడికి ఉంది. మాస్టారికి కరెంటు స్తంభాలు నచ్చేవి కావు, ఏ బొమ్మలోనూ ఒక్కటీ లేదు. వాటిని నమ్ముకుని ఉంటే ఊరికి కరెంటు రాకముందే ఆయన అన్నీ వేశారని రాయాల్సి వచ్చేది.

సూర్యుడిని చూడండి. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున, కొవ్వూరు పడమటి ఒడ్డున ఉన్నాయి. నీళ్ల మీదుగా చూస్తూ సూర్యుడిని వేశారంటే, రాజమండ్రి రేవులో నిలబడితే అది సాయంత్రం, కొవ్వూరు రేవులో నిలబడితే ఉదయం. మాస్టారి బొమ్మల్లో ఉదయాలు ఎక్కువ, సాయంత్రాలు తక్కువ. బడి తొమ్మిదిన్నరకు మొదలైతే అంతకుముందే రేవుకు వెళ్లి వేసుకునేవారని దానివల్ల అర్థమైంది. తర్వాత ఆయన పెద్ద కోడలు అదే మాట చెప్పారు, తెల్లవారుజామున చద్దన్నం మూటతో వెళ్లిపోయేవారని.

నెల తెలియాలంటే నీటినీ పొలాన్నీ చూడాలి. వానలు మొదలైన తర్వాత గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఎర్రమట్టి రంగు పూసిన నది జూన్, జులైల తర్వాతిది. ఇసుకతిన్నెలు బయటపడి, నీరు పాయలుగా చీలితే వేసవి. పొలంలో నారుమడులు ఉన్నాయా, కోత అయిపోయి కుప్పలు వేశారా, నూర్పిళ్లు నడుస్తున్నాయా అన్నది మీ ఊరి రైతును పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వారు బొమ్మ చూసి సంక్రాంతికి ముందా వెనకా అన్నది కూడా చెప్పేస్తారు. చిత్రకళ చదివిన విమర్శకుల కంటే వాళ్లే నాకు ఎక్కువ సాయపడ్డారు.

1953, 1986 ఆగస్టు వరదలు గోదావరి వాసులెవరికీ మరపురానివి. మునిగిన లంకలు, చెట్టుకు కట్టిన పడవలు వేసిన చిత్రాలను ఆ ఏడాదులతో పోల్చి చూడండి. వరదలో తడిసిన బొమ్మ కింది భాగంలో మరక అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. ఆ మరక ఉంటే బొమ్మ వరదకు ముందుది, ఆ నీళ్లు చేరిన ఇంట్లోనే ఉన్నది.

కాగితం కూడా మాట్లాడుతుంది. పాత నీటిరంగుల కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల నీటిముద్ర కనిపించవచ్చు. ఇంగ్లండు వాట్‌మన్ కాగితంలో పేరుతో పాటు చాలాసార్లు తయారైన సంవత్సరం కూడా ఉంటుంది. అది బొమ్మ వేసిన సంవత్సరం కాదు, అంతకంటే ముందు వేసి ఉండరని మాత్రమే తేలుతుంది. ఖరీదైన కాగితాన్ని ఏళ్ల తరబడి దాచుకుని వాడుకునేవారు.

ఇక రసీదులు, ఉత్తరాలు. లెక్క అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య కాలానిది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. ఊరి పేరు కింద మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరుకు ముందు రాసి ఉంటారు. ఒక్కో ఆధారం ఒక్కో గట్టు వేస్తుంది, రెండు గట్ల మధ్య ఎంత ఇరుకైతే మీ తేదీ అంత గట్టిది. ఒకే సంవత్సరం తేలకపోతే "1957, 1964 మధ్య" అని రాయండి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

బోర్డులూ తెరలూ కూడా ఆయనవే

ఊరి చిత్రకారుడి గురించి రాసేవారు సాధారణంగా ప్రకృతి చిత్రాలను నెత్తిన పెట్టుకుని మిగతా పనులను "పొట్టకూటి కోసం" అన్న ఒక్క మాటతో దాటేస్తారు. నాకు అది సమ్మతం కాదు. నదిని గీసిన చెయ్యే మందుల షాపు బోర్డు రాసింది. అక్షరానికి నీడ ఇవ్వడం, రేకు మీద రంగు జారకుండా నడపడం, నిచ్చెన మీద నిలబడి కొలత తప్పకుండా గీయడం అక్కడ నేర్చుకున్నవే. మాస్టారి తైలవర్ణ చిత్రాల్లో ఆకాశం ఒక్క మచ్చ లేకుండా పైనుంచి కిందికి పలచబడుతుంది. ఆ పూత బోర్డుల నేపథ్యాలు వేసీ వేసీ వచ్చినది.

నాటకాల తెరలను ప్రత్యేకంగా వెతకండి. తెలుగునాట చిత్రకారులకు పెద్ద కొలతలో ప్రకృతిని వేసే అవకాశం ఇచ్చింది రంగస్థలమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం రంగుల తెరలకు పేరు పొందింది. ఊళ్లలోని చిన్న సమాజాలు కూడా అడవి తెర, వీధి తెర, దర్బారు తెర అని స్థానిక చిత్రకారుల చేత వేయించుకునేవి. గుడ్డ మీద పొడిరంగుల్లో బంక కలిపి వేసే ఈ తెరలు మడతల దగ్గర రాలిపోతాయి, అందుకే దొరికేవి అరుదు. తెర దొరక్కపోతే దాని కోసం వేసుకున్న చిన్న నమూనా దొరకవచ్చు. బొమ్మ మీద పెన్సిలుతో నిలువు, అడ్డం గళ్లు గీసి, అంచుల్లో అంకెలు వేసి ఉంటే అది పెద్దది చేయడానికి వాడిన నమూనా అని పోల్చుకోండి. మాస్టారి పాపికొండల చిత్రం ఒకటి ఇలా గళ్లతో దొరికింది. ఆ కొండలే ఒక సమాజం వారి అడవి తెరగా మారాయని, దాని ముందు హరిశ్చంద్రుడి వేషం కట్టిన పెద్దాయన నాకు చెప్పారు.

ఫోటోలను పెద్దవి చేసి రంగులద్దడం, గుడి వాహనాలకు రంగులు వేయడం, బడిలో మొక్కల పటాలు, సినిమా హాలు బ్యానర్లు, పెళ్లిపీటల మీద నగిషీ, అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కాలి. ఉద్యోగం చేసి ఉంటే పాఠశాలలో సర్వీసు రిజిస్టరు వివరాలను కుటుంబం ద్వారా అడగండి. డ్రాయింగులో లోయర్, హయ్యర్ పరీక్షలు ఎప్పుడు పాసయ్యారు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అయ్యారు అన్నవి తేదీలతో సహా ఉంటాయి. బదిలీల పట్టిక పక్కన బొమ్మల్లోని ఊళ్ల పట్టిక పెట్టి చూడండి. మాస్టారి కొండల చిత్రాలన్నీ పోలవరం వైపు పనిచేసిన కాలానివని, అంతకుముందు, ఆ తర్వాత ఆయన వేసినవన్నీ పల్లపు భూములేనని నాకు అలాగే తేలింది.

ఒక నమూనా: దామెర్ల రామారావు

మీ చిత్రకారుడి జీవితం ఎలా కూర్చాలో తెలియాలంటే, బాగా భద్రమైన ఒక జీవితాన్ని దగ్గరగా చూడాలి. మాకు అది రాజమండ్రిలోనే ఉంది. దామెర్ల రామారావు 1897లో పుట్టి, మశూచి సోకి 1925లో, ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే పోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆ కుర్రవాడి చేతిని గుర్తించి బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపింది ఆయనే. రామారావు 1916లో అక్కడ చేరారు, తిరిగి వచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. నదీ తీరాలు, పురాణ ఘట్టాలు, మనుషుల రూపాలు, తైలవర్ణం, నీటిరంగు, పెన్సిలు, అన్నిటిలోనూ ఆయన చెయ్యి నడిచింది.

అంత చిన్న జీవితం గురించి మనకు ఇంత ఎలా తెలుసు? బొమ్మలు చెదిరిపోకుండా ఒకచోట ఉండబట్టి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను ఆ తర్వాత నడిపించారు. ఇవాళ రాజమండ్రిలో రామారావు పేరుతో చిత్రశాల ఉంది. మీరు పని మొదలుపెట్టే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి, పూర్తయిన చిత్రాల కంటే స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఒక చిత్రకారుడి ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడటం అలవాటైతే, మీ ఊరి మాస్టారి అటక మీది చిత్తు కాగితాలను పారేయనివ్వరు.

మీ చిత్రకారుడిని మాత్రం రామారావుతోనో ఇంకెవరితోనో పోల్చి బిరుదులు ఇవ్వకండి. "మన ఊరి రవివర్మ" అన్న మాట చదివాక, ఆయన ప్రత్యేకంగా ఏం చేశారో తెలుసుకోవాలన్న ఆసక్తి చదివేవారికి చచ్చిపోతుంది.

మనుషులను అడగడం

బొమ్మల పట్టిక సగమైనా తయారయ్యాకే ఇంటివాళ్ల దగ్గర కూర్చోండి. ఉత్త చేతులతో వెళ్లి "మాస్టారి గురించి చెప్పండి" అంటే "దేవుడులాంటి మనిషండీ" అంటారు, ఆగిపోతారు. బొమ్మల ఫోటోలు పెద్దవిగా అచ్చు వేయించి ముందు పెట్టండి. "ఈ పడవ ఎవరిది?" అని అడగండి. అక్కడినుంచి మాట దానంతటదే నడుస్తుంది.

సంవత్సరాలు అడగవద్దు, ఎవరికీ గుర్తుండవు. "అప్పటికి మీ పెద్దబ్బాయి ఏ తరగతమ్మా?", "అది పుష్కరాలకు ముందా, తర్వాతా?" అంటే చెబుతారు. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి, 1991, 2003, 2015లో వచ్చాయి, వెనక్కి లెక్కించుకోవచ్చు. రంగులు ఎక్కడ కొనేవారు, నీళ్లు దేనిలో పెట్టుకునేవారు, బొమ్మకు ఎంత తీసుకునేవారు, డబ్బు ఎగ్గొట్టినవారిని ఏమనేవారు, ఇలాంటివి అడగండి. ఇంటి ఆడవాళ్లను తప్పకుండా, వేరుగా కూర్చుని అడగాలి. కుంచెలు కడిగింది, కాన్వాసు గుడ్డకు అంచు కుట్టింది, పండగ ఖర్చు ఆపి కాగితం తెప్పించింది చాలా ఇళ్లలో వాళ్లే. అది కూడా ఆయన వృత్తి చరిత్రే.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి, ఎవరు చెప్పారో పక్కన వేయండి. తాగుడు, అప్పు, తగాదా లాంటి మాటలు వస్తాయి. బొమ్మల పనికి సంబంధం ఉన్నంత మేరకే, కుటుంబం ఒప్పుకుంటేనే వాటిని అచ్చులోకి తీసుకెళ్లండి.

బొమ్మల సంరక్షణ, హక్కులు

మీరు వెళ్లిన ఇళ్లలో బొమ్మలు బతకాలంటే నాలుగు మాటలు చెప్పి రండి. లామినేషన్ చేయించవద్దు, అది తిరిగి తీయలేని పని. చిరుగుకు ప్లాస్టిక్ టేపు వేయవద్దు, జిగురు కాగితాన్ని పసుపు పచ్చగా చేసి తినేస్తుంది. నీటిరంగుల చిత్రాన్ని ఎండ పడే గోడ నుంచి మార్చాలి, బయటి గోడకైతే వెనక చిన్న చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేలా వేలాడదీయాలి. ఏటా వర్షాలకు ముందు ఒకసారి దింపి చెదలు, వెండిచేపపురుగులు ఉన్నాయేమో చూడాలి.

అచ్చు వేసేముందు హక్కు ఎవరిదో చూసుకోండి. బొమ్మ ఎవరి గోడ మీద ఉందో వారికి కాపీరైటు ఉన్నట్టు కాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తర్వాతి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ల వరకు ఆ హక్కు నిలిచి ఉంటుంది, సాధారణంగా వారసులకు చెందుతుంది. డబ్బు ఇచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రమైతే, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారిది అవుతుంది. ఇద్దరి దగ్గరా సంతకం చేసిన కాగితం తీసుకుంటే గొడవ ఉండదు.

రాసేటప్పుడు బొమ్మల వరసనే అనుసరించండి. ఒక్కో అధ్యాయానికి ఒక బొమ్మ, ఆ బొమ్మ వేసిన కాలం, ఆ కాలంలో ఆయన చేస్తున్న మిగతా పనులు. చివర పట్టిక మొత్తం ఇవ్వండి, దొరకని బొమ్మల సంగతి విన్నంత మేరకు చేర్చండి. అచ్చు ఖర్చు భరించలేకపోతే కంప్యూటర్ ప్రింటు తీసి కుట్టించినా సరిపోతుంది. ఒక ప్రతి కుటుంబానికి, ఒకటి శాఖా గ్రంథాలయానికి, ఒకటి ఆయన పనిచేసిన పాఠశాలకు ఇవ్వండి. బొమ్మలు చూపించిన ప్రతి ఇంటికీ వారి బొమ్మ ఉన్న పేజీ అయినా పంపండి. ఆ పేజీ అందుకున్నవారి చుట్టాల ఇళ్లలో ఇంకో రెండు బొమ్మలు ఉంటాయి. వాటి కోసం పట్టిక చివర ఖాళీ పేజీలు వదిలి కుట్టించండి.